రెండు చేతుల స్టీరింగ్

బొండుగుడ, డుంబ్రిగుడ మండలం
మార్చి 11, 2002

తమ్ముడు ధనరాజుకి అక్క రత్న ఆశీస్సులు.

రాయపూర్‌లో ఎండలు ముదిరాయా? ఇక్కడ ఇంకా పొద్దున పూట పొయ్యి దగ్గర నుంచి లేవబుద్ధి కావడం లేదు. మామిడి బాగా పూసింది కానీ మంచుకి సగం రాలిపోయింది. సోనికి ముందు పన్ను ఊడింది. దాన్ని కవర్లో పెట్టి మామయ్యకి పంపమని ఒకటే పేచీ. కప్పు మీదకి విసిరేయించాను.

అసలు సంగతి బండి గురించి. నిరుడు మాఘమాసంలో మీ బావకి కుడి చెయ్యి తిమ్మిరెక్కిందని రాశాను, గుర్తుందా? అప్పుడు పాత జీపు స్టీరింగ్ బరువుగా ఉందని అమ్మేసి ఈ పవర్ స్టీరింగ్ జీపు తెచ్చుకున్నాడు. పది నెలలు హాయిగా తిరిగింది. ఇప్పుడు ఇంజను ముందు వైపు, స్టీరింగుకి బలమిచ్చే పంపు ఉంటుంది చూడు, అది మూలుగుతోంది. ఎంత ఆయిల్ పోసినా కింద కారిపోతోంది. మలుపు దగ్గర ఉన్నట్టుండి స్టీరింగ్ చక్రం బిగుసుకుంటోంది. విశాఖపట్నం తీసుకెళ్లి చూపిద్దామంటే వేరే వాళ్ల చేతికి బండి ఇవ్వనంటాడు, తను అంత దూరం నడపలేడు. పంపు ఇంటి దగ్గరే విప్పి బాగు చేయొచ్చా? నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, నాకు అర్థమయ్యేలా రాయి.

చెయ్యి ఇప్పుడు ఎలా ఉందని అడుగుతావేమో. బాగానే ఉందని రాయమన్నాడు. రాశాను.

ఆ బండి లేనప్పుడు మూడు నెలలు ఆయన గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. నలుగురిలో అన్నం తినేవాడు కాదు. మళ్లీ ఆ రోజులు నేను చూడలేను. అందుకే అడుగుతున్నాను.

అక్క

*

రాయపూర్
మార్చి 22

అక్కా,

నీ ఉత్తరం చదివి మా షెడ్డులో అందరికీ చెప్పాను, మా బావ సుఖానికి మరిగాడని. లంబసింగి పొగమంచులో బ్రేకు సరిగా లేని జీపుని నవ్వుతూ దింపిన మనిషికి స్టీరింగ్ బరువైందా? ఆడలేక మద్దెల ఓడన్నాడట. చెయ్యి తిరిగిన డ్రైవరు నోట రావలసిన మాటేనా ఇది?

సరే, విను. పంపు విప్పడం బ్రహ్మవిద్య కాదు. ముందు బెల్టు తీయాలి. కింద పళ్లెం పెట్టి గొట్టాలు రెండూ ఊడదీస్తే ఆయిల్ కారిపోతుంది. గొట్టాల నోళ్లకి శుభ్రమైన గుడ్డ కట్టాలి, ఇసుక రేణువు పోయినా పంపు తినేస్తుంది. ముందున్న పుల్లీని సుత్తితో కొట్టి తీయొద్దని బావకి చెప్పు. అరకులో ఎవరి దగ్గరైనా దాన్ని ఊడలాగే పుల్లర్ అడిగి తెచ్చుకోవాలి. తర్వాత పంపు వెనక మూత తీస్తే లోపల గుండ్రటి రోటరు ఉంటుంది. దాని గాడుల్లో చిన్న చిన్న ఉక్కు రేకులు నిలబడి ఉంటాయి. రోటరు తిరిగినప్పుడు ఆ రేకులు బయటికి జారి ఆయిల్‌ని తోస్తాయి. ఆ తోపుడే మన చేతికి బలం. ఒక్క రేకు గాడిలో ఇరుక్కున్నా బలం తగ్గిపోతుంది.

రోటరు మీద గీతలుంటే రాయండి. లేకపోతే ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు మారిస్తే చాలు, నేను పంపిస్తాను. ఫోన్ చేయమనకు, మీ డుంబ్రిగుడ బూత్‌లో సగం మాట వినపడదు, వినపడిన సగం తప్పు వినపడుతుంది.

బావ ఒక్క ముక్క కూడా రాయడేం? పెళ్లైన కొత్తలో నాకు పేజీలు పేజీలు రాసేవాడు. అడిగానని చెప్పు.

నీ ధనరాజు

*

బొండుగుడ
ఏప్రిల్ 6

తమ్ముడూ,

పంపు విప్పాం. విప్పాం అంటే నేనే విప్పాను. మీ బావ పక్కన పీట వేసుకుని కూర్చుని చెప్పాడు, నేను తిప్పాను. పుల్లర్ బిగించి లాగేటప్పుడు నా అరచేతులు బొబ్బలెక్కాయి. నువ్వు రాసినట్టే లోపల రేకులున్నాయి, మొత్తం పది, అగ్గిపుల్లంత సన్నంగా, అద్దంలా మెరుస్తూ. సోని వాటిని చూసి చేప పళ్లంది. రోటరు మీద గీతలు లేవు. ముందు వైపు సీలు మాత్రం పెదవి చిట్లిపోయి ఉంది. అన్నీ చేటలో పరిచి పైన గుడ్డ కప్పాను.

నేను బోల్టు తిప్పుతుంటే మీ బావ ఒకసారి లేచి, పానా తన చేతిలోకి తీసుకున్నాడు. కుడి చేత్తోనే. కాసేపు పట్టుకున్నాడు, మళ్లీ నా చేతిలో పెట్టాడు. ఈ మధ్య చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. ఇది రాశానని ఆయనకి తెలియకూడదు, తెలిస్తే నన్ను బతకనివ్వడు. బండి ఎక్కేవాళ్లకి తెలిస్తే ఎవరూ ఎక్కరని ఆయన భయం.

చైత్రమాసం పండగ వస్తోంది. మన లంబసింగిలో ఈ ఆచారం లేదు కానీ మా అత్తవారి ఊళ్లో పండగ మొదలైతే ఇనుము ముట్టరు. గొడ్డలి, కొడవలి, నాగలి కర్రు అన్నీ ఊరి దేవత నిసాని తల్లి రాయి దగ్గర పెడతారు. పండగ దిగిందని ఊరి పూజారి, దిసారి అంటారు, ఆయన చెప్పాకే మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి. ఈలోపే సీళ్లు వస్తే బాగుణ్ణు. బండి కదలక ఇన్నాళ్లైంది, మీ బావ మళ్లీ గోడ వైపు తిరిగాడు.

బేగి పంపు.

రత్న

*

రాయపూర్
ఏప్రిల్ 15

అక్కా,

సీళ్లు, రబ్బరు రింగులు, అసలైన పవర్ స్టీరింగ్ ఆయిల్ డబ్బా అన్నీ మల్లేశు లారీలో పంపుతున్నాను. వాడు జగదల్‌పూర్, జయపురం మీదుగా అరకు వస్తాడు, డుంబ్రిగుడలో దించేస్తాడు. వాడికి టీ ఇప్పించు.

బావ పీట మీద కూర్చుని పని చెప్పడం, నువ్వు బొబ్బలెక్కేలా తిప్పడం ఏం బాగాలేదు. నీకు కోపం వచ్చినా సరే, ఉన్న మాట అంటున్నాను. గుండీలు కూడా నువ్వే పెడుతున్నావా? రేపు అన్నం కూడా నోట్లో పెట్టమంటాడు. నువ్వు మరీ నెత్తికెక్కించుకున్నావు. చెయ్యి నొప్పి అయితే వాతం అయి ఉంటుంది, ఇక్కడి తైలం ఒక సీసా కూడా పెట్టాను, వేడి చేసి రాయి.

బిగించేటప్పుడు జాగ్రత్త. రేకుకి ఒక అంచు గుండ్రంగా, ఒకటి చదునుగా ఉంటుంది. గుండ్రటి అంచు బయటికి రావాలి. అన్నీ డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, నేను పంపిన ఆయిల్‌లోనే ముంచి పెట్టాలి. పాత సీలు పీకితే మళ్లీ పనికిరాదు, కొత్తది కూడా ఒక్కసారి విప్పితే అంతే. బిగించాక ముందు చక్రాలు నేల మీద ఆనకుండా రాళ్లు పెట్టి ఎత్తండి. ఇంజను ఆపే ఉంచి స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతూ, డబ్బాలో బుడగలు ఆగేదాకా ఆయిల్ పోయాలి. గాలి ఉంటే పంపు ఏడుస్తుంది.

ఈసారైనా బావ చేత రాయించు.

ధనరాజు

*

బొండుగుడ
మే 3

తమ్ముడూ,

బండి కదిలింది.

ముందు ఆ మాట రాసేయాలనిపించింది. స్టీరింగ్ ఎంత తేలిగ్గా తిరుగుతోందంటే సోని ఒక్క చేత్తో ఈ కొసకీ ఆ కొసకీ తిప్పేసింది. మీ బావ ఊరి చుట్టూ ఒక చుట్టు వేసి వచ్చాడు. దిగుతూ, 'సూసేవేటే, సెయ్యి మల్లీ వొచ్చినట్టుంది' అన్నాడు నాతో. ఏడాదిన్నర తర్వాత ఆయన నవ్వగా చూశాను. ఆ రాత్రి అందరితో కలిసి కూర్చుని అన్నం తిన్నాడు, ఎడమ చేత్తోనే. మా అత్త ముత్యాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మల్లేశు సీళ్లు ఇచ్చేసరికి పండగ ఎక్కేసింది. ముట్టడానికి లేదు. మా అత్త చేటతో సహా పంపు ముక్కలన్నీ తీసుకెళ్లి గొడ్డళ్ల పక్కన నిసాని తల్లి ముందు పెట్టింది. ఇక్కడి వాళ్లు ఇనుముకి వలిసె గింజల నూనె, పసుపు పూసి పెడతారు. రేకులకి కూడా ఒక్కొక్కదానికీ పూసింది పాపం, కళ్లు సరిగా కనపడకపోయినా. దేవత చూసిన ఇనుము మోసం చేయదని ఆమె నమ్మకం. పండగ దిగేదాకా అవి అక్కడే ఎండలో ఉన్నాయి. ఇంటికి తెచ్చాక డీజిల్‌లో కడగబోతే మా అత్త చెయ్యి పట్టుకుంది. 'తల్లి ముందల ఎట్టిన నూనె కడిగేత్తావేటి' అంది. మీ బావ కూడా వద్దన్నాడు. పొడి గుడ్డతో తుడిచి బిగించాను. గుండ్రటి అంచు బయటికే పెట్టాను, రెండుసార్లు చూసుకున్నాను.

గుండీల సంగతి నువ్వు అలా రాయకుండా ఉండాల్సింది. పోనీలే. నీకు తెలియదు.

సంతకి ఇప్పుడు మా బండిలోనే అందరూ వెళుతున్నారు. నువ్వు చల్లగా ఉండు.

రత్న

*

రాయపూర్
మే 12

అక్కా,

బండి కదిలినందుకు సంతోషమే కానీ నీ ఉత్తరంలో వలిసె నూనె సంగతి రెండుసార్లు చదివాను. ఆ నూనె ఎండలో ఆరితే బంకలా గట్టిపడుతుంది. అమ్మ కుట్టు మిషనుకి అదే పోస్తే సూది దిగకుండా పట్టేయలేదూ? మరిచిపోయావా? ఇప్పుడు రేకులు వేడికి కదులుతున్నాయి కానీ వానలు పడి చలి తగిలితే గాడుల్లో అంటుకుపోతాయి. ఉన్నపళంగా పంపు చేతులెత్తేస్తుంది. విప్పి డీజిల్‌తో కడగక తప్పదు. దేవత ఏమీ అనుకోదు.

బావని కంగారు పెట్టకు. ఒకవేళ దారిలో పంపు ఆగిపోయినా స్టీరింగ్ ఊడిపోదు, బరువవుతుంది అంతే. పాత జీపులన్నీ అలాంటివే కదా. రెండు చేతులతో గట్టిగా లాగితే చాలు, భయమేం లేదు. కానీ సంతకి జనాన్ని ఎక్కించుకుని ఘాట్ దింపే ముందు మాత్రం విప్పి కడిగించు.

నాకు తెలియదు అని రాశావు. తెలియకపోతే తెలిసేలా రాయొచ్చు కదా. దూరంగా ఉన్నవాడికి మీరు చెప్పిందే కదా తెలిసేది.

ధనరాజు

*

బొండుగుడ
మే 24

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి పైకి చదివి వినిపించాను. 'రెండు చేతులతో గట్టిగా లాగితే చాలు' అన్న చోట చదవడం ఆపేశాను. 'సదువు. ఆగిపోయేవేటి' అన్నాడు. చదివాను. కాసేపు తన చెయ్యి వైపు చూసుకున్నాడు. 'బయవేం నేదని మీ తమ్ముడే రాసేడు గదా. మల్లీ ఇప్పడం ఎందుకు' అన్నాడు.

నేను ఊరుకోలేదు. విప్పాల్సిందేనన్నాను. విప్పితే కొత్త సీళ్లు కావాలి, అవి వచ్చేదాకా బండి కదలదు. 'మల్లీ నన్ను గోడకేసి కూకోబెడతావా' అని అడిగాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు అడిగాడు. పానా తీసుకెళ్లి లోపల పెట్టేశాను.

నిన్న మొదటి వాన పడింది. పొద్దున స్టార్టు చేయగానే పంపు మూలుగుతోంది, ఇంజను వేడెక్కాక సర్దుకుంటోంది. నువ్వు ముందుగా సీళ్లు పంపించు. అవి చేతికి వచ్చిన రోజే నేను విప్పేస్తాను, ఒక్క పూటలో కడిగి బిగించేస్తాను. అప్పుడు ఆయన కూర్చోవలసిన పని ఉండదు. ఆలస్యం చేయకు. నీకు దండం పెడతాను.

అన్నీ ఉత్తరంలో రాయలేను. ఒట్టు వేయించుకున్నాడు.

అక్క

*

రాయపూర్
జూన్ 3

అక్కకి,

అంటే ఆ మాట చెప్పింది నేను కాబట్టే పక్కన పెట్టాడన్న మాట. భయం లేదన్న ముక్క పట్టుకున్నాడు, విప్పమన్నది వదిలేశాడు. పదేళ్లుగా పంపులు విప్పుతున్న నా మాట ఆయనకి చులకన. ఎప్పుడూ అంతే, లంబసింగి వాళ్లంటే ఆయనకి మొదటి నుంచీ ఓ చిన్నచూపు.

సీళ్లు నా దగ్గరే ఉన్నాయి. మల్లేశు ఎల్లుండి బయల్దేరుతున్నాడు. కానీ పంపను. బావ తన చేత్తో నాలుగు ముక్కలు రాయాలి, సీళ్లు పంపు అని. అప్పుడు ఆ మరుసటి బండికే పంపుతాను. ఏడాదిన్నరగా ఒక్క ఉత్తరం రాయలేదు. రాస్తే చెయ్యి అరిగిపోతుందా?

నా మీద కోపం తెచ్చుకోకు. నువ్వు మధ్యలో నలిగిపోతున్నావని తెలుసు. కానీ మగాడన్నాక అడగడం కూడా నేర్చుకోవాలి.

ధనరాజు

*

బొండుగుడ
జూన్ 21

తమ్ముడు ధనరాజుకి,

టెలిగ్రాం అంది ఉంటుంది. నువ్వు వచ్చేలోగా ఈ ఉత్తరం వెళుతుందో లేదో తెలియదు. ఎదురుగా నిలబడి నీకు ఇవన్నీ చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం పదిహేడో తేదీన వచ్చింది. ఆయనకి చదవకూడదనుకున్నాను. తనే అడిగాడు. చివరి దాకా విన్నాడు. కోప్పడలేదు. 'అడిగిందాన్లో తప్పేటి నేదు' అన్నాడు. సోని పలక తెచ్చుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఎడమ చేత్తో అ, ఆ దిద్దడం మొదలుపెట్టాడు. సోని నవ్వుతూ తప్పులు దిద్దింది. సాయంత్రానికి ఒక కాగితం మీద రాశాడు. మర్నాడు సంత, తనే డుంబ్రిగుడ వెళ్లి పోస్టులో వేస్తానన్నాడు. నా చేతికి ఇవ్వలేదు.

ఆ పొద్దున సన్నగా వాన, చలి. జనం ఇంకా రాలేదు, పక్కింటి సుక్రు ఒక్కడే రెండు బస్తాలు వేసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజను వేడెక్కనివ్వమని నేను వెనక నుంచి అరిచాను. వినపడిందో లేదో. ఊరి దిగువ మొదటి మలుపులోనే స్టీరింగ్ చక్రం పట్టేసింది.

సుక్రుకి కాలు విరిగింది. బతికాడు. నిన్న మంచం మీద పడుకుని నాకు చెప్పాడు. 'సుక్రూ, పట్టు. నా సేతిలో బలం నేదు' అని మీ బావ అన్నాడట. ఎప్పుడూ హాస్యాలాడే మనిషి కదా, సుక్రు నవ్వాడట. 'ఏలాకోలం అనుకున్నానమ్మా, ఆడికి బలం నేకపోడం ఏటి అనుకున్నాను' అని గుండెలు బాదుకుని ఏడ్చాడు. రెండోసారి అనే లోపే బండి రోడ్డు దాటిపోయింది. ఏడాదిన్నర ఊరందరి దగ్గరా దాచిన మాట ఆయన మొదటిసారి పైకి అన్నాడు, విన్నవాడు నమ్మలేదు. వాణ్ని ఏమనను? నన్ను నేను అనుకోవాలి. ఒట్టు నిలబెట్టుకున్నాను, మనిషిని నిలబెట్టుకోలేకపోయాను.

ఇప్పుడు ఒట్టు లేదు కాబట్టి రాస్తున్నాను. మాఘమాసంలో తిమ్మిరి కాదు. నిద్రలేచేసరికి కుడి చెయ్యి చచ్చిపోయి ఉంది. వేళ్లు ముడుచుకునేవి, పట్టుకునేవి, కానీ పావుశేరు గింజలు ఎత్తే బలం లేదు. పాత జీపు తిప్పలేక కాదు, తిప్పే చెయ్యి లేక అమ్మాడు. ఆ పంపే ఆయన చెయ్యి. నీ ఉత్తరాల్లో రెండు చేతులని నువ్వు రాసిన ప్రతిసారీ నీకు రాసేద్దామని కలం పట్టుకునేదాన్ని.

జీపుని పైకి లాగారు. పంపు నేను విప్పాను. నువ్వు చెప్పినట్టే ఉంది. ఏడు రేకులు పసుపు బంకలో కూరుకుపోయి గాడుల్లోంచి రాలేదు. మేకుతో పెకిలిస్తే వచ్చాయి. మా అత్త పక్కనే కూర్చుని, 'ఏటి సేత్తన్నావమ్మా' అని అడిగింది. శుభ్రం చేస్తున్నానన్నాను. నూనె సంగతి ఆమెకి చెప్పలేదు. నువ్వు వచ్చినప్పుడు కూడా చెప్పకు. ఆమెకి ఉన్నది ఆ దేవత ఒక్కతే. కొడుకు చేతికి బలం కోసమే పూసింది.

నువ్వు ఏడవకు అని రాయలేను. నీ మీద నాకు కోపం ఉంది, తమ్ముడూ. పోతుందో లేదో తెలియదు. రావడం మాత్రం మానకు. సోని రోజూ రోడ్డు మీదకి వెళ్లి నిలబడుతోంది.

ఆయన చొక్కా జేబులో నీకు రాసిన కాగితం తడిసి ఉంది. ఆరబెట్టి ఇందులో పెడుతున్నాను. నీకు రాసింది, నీ దగ్గరే ఉండాలి.

రత్న

*

ధనరాజుకి

బావ రాసేది. సీళ్లు పంపు. పంపు విప్పుతాం. నువ్వు చెప్పిందే నిజం.

అక్షరాలకి నవ్వకు. ఎడమ చెయ్యి. మీ అక్కని తిట్టకు, నేనే చెప్పొద్దన్నాను.

నువ్వు వచ్చినప్పుడు ఘాట్ కింది దాకా తీసుకెళ్తాను.

ఫల్గుణ